డాక్టరేటు పరిశోధనలో జానపద గేయం: ఆచార్య బిరుదురాజు రామరాజు కృషి

ఉపోద్ఘాతం

తెలుగు శాఖలలో జరిగిన డాక్టరేటు పరిశోధన చరిత్రను సాధారణంగా సిద్ధాంత గ్రంథాల పట్టికగా చూడడం అలవాటు. ఏ కాలంలో దేనిని ఆకరంగా అంగీకరించారు, ఎవరి మాటను సాహిత్యంగా గుర్తించారు అన్న ప్రశ్నలకు ఆ పట్టికలో సమాధానం దొరకదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్నలను ముందుకు తెచ్చినవారు ఆచార్య బిరుదురాజు రామరాజు (1925-2010). ఆయన పరిశోధన తెలుగు డాక్టరేటు పరిధిని ఎలా విస్తరింపజేసిందో, ఏ ప్రశ్నను మిగిల్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియాలో తెలుగు శాఖను తొలినాళ్లలో రాయప్రోలు సుబ్బారావు నడిపారు. తరువాతి కాలంలో ఖండవల్లి లక్ష్మీరంజనం శాఖకు నాయకత్వం వహించారు. జానపద గేయాల సేకరణ అంతకు ముందే మొదలైంది. సి.పి. బ్రౌన్ కథాగేయాల ప్రతులను సేకరించారు. 1874లో జె.ఎ. బాయిల్ ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో తెలుగు గాథాగేయాలను గురించి వ్రాశారు. నేదునూరి గంగాధరం వంటివారు పల్లెపాటలను గ్రంథస్థం చేశారు. అయితే సేకరణ ఒకటి, విశ్వవిద్యాలయ పట్టానికి నిలిచే శాస్త్రీయ పరిశీలన మరొకటి.

సిద్ధాంత గ్రంథం

ఓరుగల్లు సీమలోని దేవనూరులో జన్మించిన రామరాజు, లక్ష్మీరంజనం పర్యవేక్షణలో జానపద గేయాలపై పరిశోధించి 1956లో డాక్టరేటు పొందారు. ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడింది. ఇంచుమించు ఆ కాలంలోనే దివాకర్ల వేంకటావధాని నన్నయకు పూర్వపు యుగాన్ని పరిశోధించారు. ఆ పరిశోధనకు శాసనాలు ప్రధానాధారం. రామరాజు ఎన్నుకున్న సామగ్రికి చాలావరకు కర్త లేడు, తేదీ లేదు, స్థిరమైన పాఠం లేదు. కవికాలాదుల నిర్ణయం, పాఠ పరిష్కరణం వంటి అలవాటైన పద్ధతులు అక్కడ సరిపోవు. అందువల్ల ఆయన పౌరాణిక, చారిత్రక, పారమార్థిక గేయాలనీ, స్త్రీల పాటలనీ, శ్రామిక గేయాలనీ, పిల్లల పాటలనీ వర్గీకరించి చర్చించారు. నాట్లలో, రోకటి దగ్గర, ఉయ్యాల దగ్గర పాడే పాట విశ్వవిద్యాలయంలో ప్రమాణంగా నిలవడానికి ఈ వర్గీకరణ దారి చూపింది.

తాళపత్ర గ్రంథాల అన్వేషణలోనూ, ఆంధ్రుల సంస్కృత సాహిత్య సేవను గురించిన అధ్యయనంలోనూ ఆయన ఇదే శ్రద్ధ చూపారు. లిఖిత, మౌఖిక సంప్రదాయాలు రెండింటినీ సమానంగా ఆదరించడం ఆయన ప్రత్యేకత.

పరిశోధన విస్తరణ

ఈ మార్గంలో తరువాతి పరిశోధకులు ఒక్కొక్క శాఖను విడిగా తీసుకున్నారు. నాయని కృష్ణకుమారి జానపద గేయ గాథలను, తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథా కవిత్వాన్ని సమగ్రంగా పరిశీలించారు. ఒక సిద్ధాంత గ్రంథంలో అధ్యాయంగా ఉన్న విషయం మరొక సిద్ధాంత గ్రంథానికి వస్తువైంది. ఒక పరిశోధన విలువను ఇటువంటి కొనసాగింపుతోనే తూచవలసి ఉంటుంది.

మిగిలిన ప్రశ్న

వస్తువును బట్టి చేసిన వర్గీకరణలో పాడినవారి స్థానం, పాడిన సందర్భం వెనుకబడే అవకాశం ఉంది. పైగా ‘తెలుగు’ గేయం అన్న మాట భాషకు స్పష్టమైన ఎల్లను ఊహిస్తుంది. పూర్వపు మెదక్ జిల్లాలోని రాయికోడ్, జహీరాబాద్ ప్రాంతం కర్ణాటకలోని బీదరుకు చేరువ. తెలుగు, కన్నడ, ఉర్దూ మాటలు నిత్యవ్యవహారంలో కలిసే ఇటువంటి సీమలో పాటను ఒకే భాష ఖాతాలో వేయడం సులభం కాదు. అక్కడ పరిశోధకుడు పాట వస్తువుతో పాటు పాడేవారి భాషా నేపథ్యాన్నీ, పాట ఏ ఊరి నుండి ఏ ఊరికి చేరిందన్న విషయాన్నీ నమోదు చేయాలి.

ముగింపు

కర్త తెలియని పాటను డాక్టరేటు పరిశోధనకు అర్హమైన సాహిత్యంగా నిలబెట్టడం రామరాజు సాధించిన విజయం. ఆ పాటను పాడే మనిషిని కూడా ఆకరంలో భాగంగా గుర్తించడం నేటి పరిశోధకుల బాధ్యత. సరిహద్దు మండలాల్లో పెద్దతరం గాయకులు ఉండగానే ఈ పని జరగాలి. వారితో పాటు సందర్భం కనుమరుగైతే, మిగిలిన పాఠం ఎంత శుద్ధంగా ఉన్నా అది సగం ఆధారమే.