ప్రజా భద్రత.. పలు శాఖల ఉమ్మడి బాధ్యత

* సరిహద్దు పట్టణంలో ఎవరి విధులు ఏమిటి?
* ప్రమాద బాధితులకు అందే సాయం ఎంత?

తిరువూరు: వీధి దీపం వెలగని మలుపులో ప్రమాదం జరిగితే బాధ్యులెవరు? దీపం స్థానిక సంస్థది, రహదారి మరొక శాఖది, కేసు పోలీసులది, క్షతగాత్రుని ప్రాణం వైద్యుల చేతిలోది. ప్రజా భద్రత ఏ ఒక్క కార్యాలయానికీ పరిమితమైన పని కాదు. అందుకే ఈ శాఖలన్నీ ఒకచోట సమావేశమై నిర్ణయాలు తీసుకోవాలని చట్టాలు నిర్దేశిస్తున్నాయి. ఈ ఏర్పాట్లు తెలియనందువల్లనే అనేకులు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తోంది.

విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి జీవనాడి. దీని పూర్వపు సంఖ్య 221. 2014లో రాష్ట్ర విభజనతో తిరువూరు సరిహద్దు పట్టణమైంది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పాటుతో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. అదే ఏడాది జిల్లా అంతా పోలీసు కమిషనరేట్ పరిధిలోకి వచ్చింది.

స్థానిక సంస్థ విధులు

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో పొందుపరచింది. రోడ్లు, వంతెనలు, అగ్నిమాపక సేవలు, వీధి దీపాలు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్టాపులు అందులో ఉన్నాయి. రోడ్లపై తిరిగే పశువులను కట్టివేసే బందెలదొడ్ల నిర్వహణ కూడా ఈ జాబితాలోనిదే. రాత్రివేళ రహదారికి అడ్డంగా పడుకునే పశువుల సమస్యపై మొదట అడగవలసింది పోలీసులను కాదు, పురపాలక అధికారులను.

నేర నియంత్రణలోనూ ప్రజల భాగస్వామ్యానికి చోటుంది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో పోలీసు శాఖ ‘మైత్రి’ పేరిట కమిటీలను ఏర్పాటు చేసింది. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు జరిగిన 2013లోనే ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది లేదా రోజుకు ఐదు వందల మంది చేరే అవకాశమున్న దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాలు సీసీ కెమెరాలు అమర్చుకుని, దృశ్యాలను 30 రోజుల పాటు భద్రపరచాలని అది నిర్దేశించింది. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన సచివాలయాల వ్యవస్థలో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించగా, 2021లో వారిని మహిళా పోలీసులుగా వ్యవహరించారు.

రహదారి భద్రతా కమిటీ

మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ జిల్లా స్థాయి రహదారి భద్రతా కమిటీలకు ఆధారం. ప్రతి జిల్లాలోనూ వీటిని ఏర్పాటు చేయాలని 2017 నవంబరు 30న సుప్రీంకోర్టు ఆదేశించింది. కలెక్టర్ అధ్యక్షతన పోలీసు, రవాణా, రహదారులు, వైద్య, పురపాలక అధికారులు ఇందులో పాల్గొంటారు. 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలకు దారితీసిన ప్రమాదాలు ఐదు జరిగినా, లేదా పది మంది మరణించినా ఆ ప్రాంతాన్ని జాతీయ రహదారులపై ప్రమాదకర ప్రాంతంగా గుర్తిస్తారు. నిర్మాణ ప్రమాణాలు పాటించక మరణం లేదా వైకల్యం సంభవిస్తే బాధ్యులైన అధికారులకు, గుత్తేదారులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2019 సవరణతో చేరిన 198ఎ సెక్షన్ వీలు కల్పించింది.

బాధితులకు రక్షణ

* క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చిన వారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. పేరు, చిరునామా చెప్పాలని వారిని ఒత్తిడి చేయరాదు. 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ ఇందుకు రక్ష.
* 2025 మే 5న నోటిఫై చేసిన కేంద్ర పథకం కింద నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల పరిమితితో నగదు రహిత చికిత్స లభిస్తుంది.
* గుర్తు తెలియని వాహనం ఢీకొని మరణిస్తే కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయాలైతే రూ.50 వేల పరిహారం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దరఖాస్తుపై రెవెన్యూ అధికారి విచారణ జరిపి నివేదిక ఇస్తే కలెక్టర్ పరిహారం మంజూరు చేస్తారు.
* 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఖమ్మం జిల్లా వైపు జరిగిన ఘటన అనో, ఇటువైపుది అనో చెప్పి బాధితుని తిప్పి పంపరాదు. సరిహద్దు ప్రజలకు ఇది ముఖ్యమైన హక్కు.

విపత్తు వేళ

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు కాగా, స్థానిక సంస్థ ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షులు. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సామగ్రిని సిద్ధంగా ఉంచడం స్థానిక సంస్థల విధిగా 41వ సెక్షన్ పేర్కొంటోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు నీట మునిగినపుడు, వరద వచ్చాక కంటే వరదకు ముందే శాఖల మధ్య సమన్వయం అవసరమన్న సంగతి జిల్లా అంతటికీ తెలిసింది. పొంగే వాగు దగ్గర రాకపోకలు ఆపే అడ్డుగడ్డ, కాపలా మనిషి, హెచ్చరిక బోర్డు వేర్వేరు శాఖలవే అయినా ఒకే సమయానికి అక్కడ ఉండాలి.

ఫిర్యాదు ఎలా?

అత్యవసర వేళ 112, అంబులెన్సుకు 108, అగ్నిప్రమాదానికి 101, మహిళలకు 181, బాలలకు 1098 నంబర్లున్నాయి. శాశ్వత పరిష్కారం కోరేవారు స్థలం, తేదీలు, జరిగిన ఘటనల వివరాలతో పురపాలక కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, నకలును రెవెన్యూ డివిజనల్ అధికారికి పంపడం మేలు. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీలు స్వీకరిస్తారు. సమస్య రెండు శాఖలకు చెందినదైతే ఆ విషయాన్ని అర్జీలోనే స్పష్టంగా రాసి, దానిని జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందుంచాలని కోరాలి. అప్పుడే ఒక శాఖ మరొక శాఖను చూపి తప్పుకునే అవకాశం తగ్గుతుంది.