కందిని పట్టు ఎండుతెగులు – దాని పూర్వకథ



రాజుల చరిత్రము చదివినవారు పెక్కురు. పైరుల చరిత్రము నెఱిగినవారు కొందఱే. నేడు కందిచేనిని పట్టు ఎండుతెగులును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

అరకులోయ మొదలుగా గల తూర్పుకనుమలలోని గిరిజనులకు కంది పాతపంట. పోడుచేలలో సామలు, కొఱ్ఱలు, చోళ్లు, జొన్నలు, కందులు కలిపి చల్లుట వారి పూర్వాచారము. తొలిపంటను దేవతకు నివేదింపక తినరాదని మన్యమున కందికొత్తల పండుగ చేయుదురు. అట్టి పైరు పూతకు వచ్చి కాయ పట్టునప్పటికి నడుమ నడుమ మొక్కల యాకులు పసుపెక్కును. పిమ్మట తలవాల్చి నిలువున నెండిపోవును. నేను కొండపల్లెలో బడి చెప్పుచున్న దినములలో నొక వృద్ధుడు అట్టి మొక్కను పెఱికి తెచ్చి, “పంతులుగారూ, నేలలో తడి యుండగా నిది దప్పికతో చచ్చుటేమి?” అని యడిగెను. నాకు బదులు తోచలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము బీహారమునందలి పూసాలో ఎన్నడో దొరకియుండెను. అచ్చట 1905లో వ్యవసాయ పరిశోధనాలయము వెలసెను. అందు పనిచేసిన ఎడ్విన్ జాన్ బట్లరు ఐర్లండు దేశమున జన్మించినవాడు. ఆ దేశమున 1845లో బంగాళాదుంపను తెగులు పట్టగా, తరువాతి కొలది యేండ్లలో సుమారు పది లక్షల జనము ఆకటికిని రోగములకును బలియైరి. బట్లరు 1906లో కంది యెండుతెగులును లోకమునకు తెలిపి, 1910లో దానికి కారణము మట్టిలో నుండు నొక బూజు అని నిరూపించి, ఫ్యుజేరియం ఉడం అని పేరిడెను.

ఆ బూజు పిల్లవేళ్లగుండ లోనికి చొచ్చి, నీరు మోయు నాళములను పూడ్చివేయును. కావుననే తడినేలలో నున్నను మొక్క కెండ తప్పదు. కాండమును నిలువున చీల్చినచో లోపల నల్లని చారలు కనబడును. మొక్క చచ్చినను బూజు చావదు. మోళ్లలోను వేళ్లలోను రెండు మూడేండ్లు దాగియుండును.

పూర్వము కొండవారు ఒక పోడును కొన్నేండ్లు సాగుచేసి, విడిచి, వేఱొకచోటికి పోవుచుండిరి. ఆ విడుపుకాలమున బూజునకు తిండి దొరకెడిది కాదు. జొన్న కలిపిన చేలలో నీ తెగులు తగ్గునని పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిసాట్ వారి పరిశోధనములలోను తేలినది. పెద్దల యాచారమున నింత మేలు గలదు. అట్లని అడవిని నఱికి మరల పోడు సాగింపుడని నేను చెప్పను. అడవి తఱిగినది, భూమి యిఱుకైనది, విడుపుకాలము కుఱుచయైనది. అదే మడిలో ఏటేట కంది వేసినచో బూజు అచ్చటనే కాపురముండును.

కావున తెగులు తగిలిన చేన మూడేండ్లు కంది మాని జొన్న మొదలగు పైరులు వేయవలెను. ఎండిన మొక్కలను వేళ్లతో పెఱికి కాల్చవలెను. కిలో విత్తనమునకు పది గ్రాముల ట్రైకోడెర్మా పట్టించిన మేలు. అదియు బూజే, కాని ముల్లును ముల్లుతో తీసినట్లు చెడు బూజు నణచును. ఈ తెగులునకు తాళు రకములును గలవు: మారుతి 1986లోను, ఆశ 1993లోను విడుదలయ్యెను.

పెద్దలారా! ఏ మడిలో ఏ యేట ఏ పైరు వేసిరో, ఎచ్చట ఎండు కనబడెనో మీకు జ్ఞాపకము. ఆ జ్ఞాపకము ఏ కచేరీ దస్తరములోను లేదు. కొడుకులకు పొలము పంచి యిచ్చునాడు గట్టుతోపాటు ఆ కథయు నప్పగింపుడు. తెలియనివాడు చెడ్డమడిలోనే మరల కంది చల్లును. ఆ యేడు వాని యింట పప్పు ఉడుకదు. ఆ వృద్ధునకు నాడు చెప్పలేని బదులును నేడు మీ యెదుట చెప్పి సెలవు తీసికొనుచున్నాను.