ఎరయు, బోనును: మన పాతరల నాటినుండి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని నిర్వాహకులు నన్నడిగినప్పుడు, రాజులను గూర్చియో శ్రీశైల యాత్రామార్గమును గూర్చియో వ్రాయుదునని వారనుకొనియుందురు. లెక్కలు వ్రాసి బ్రదుకు నాకు రాజులకంటె గింజలతో పరిచయమెక్కువ. గింజ యున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట ఎర యుండును. కావున ఈ వ్యాసమునందు ఎరను, దానిని పెట్టు పాత్రను, దాని తోబుట్టువైన బోనును గూర్చి నాకు తెలిసినంత విన్నవించెదను. విషయమల్పమని చదువరులు త్రోసిపుచ్చరని నమ్ముచున్నాను.

మన దోర్నాల మార్కాపురమునుండి శ్రీశైలమునకు పోవు త్రోవలో, నల్లమల వాకిట నున్నది. అడవిలోని చెంచులు తరతరములుగా విల్లంబులతో వేటాడినవారు. తేనె, దుంపలు, కాయలు, పండ్లు వారికి జీవనాధారములు. ఏ పూటకాపూట తెచ్చుకొనువారికి ఎలుకలతో వైరమేమి? దాచుకొనువాడు రైతు. జొన్నలు, కొర్రలు, సజ్జలు పాతరలో పోసి, పైన మట్టి కప్పి, వానకాలము దాటువరకు ప్రాణమువలె కాచుకొనువాడతడు. అడవివాడు మృగమును వెదకికొనిపోవును. పాతరవాని యొద్దకు మృగమే వెదకికొనివచ్చును. కావున ఎరపెట్టు విద్య పాతరతోనే పెరిగినదని నా అభిప్రాయము.

ఈ విద్య నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము చాలకాలము మరుగునపడియుండగా, మైసూరులో శామశాస్త్రిగారు తాళపత్రప్రతిని పరిష్కరించి 1909లో అచ్చొత్తించిరి. అందు నాలుగవ అధికరణమున దైవికములైన ఆపదలలో అగ్ని, వరద, వ్యాధి, కరవులతోపాటు ఎలుకలను కూడ లెక్కించినారు. ఎలుకలు పెచ్చు పెరిగినప్పుడు పిల్లులను, ముంగిసలను విడువవలెననియు, జెముడు పాలు పూసిన ధాన్యము చల్లవలెననియు, ప్రజలనుండి దినమునకిన్ని యెలుకలని పన్నుగా గైకొనవలెననియు అందు విధించిరి. పులుల బాధ కలిగినచో మత్తుమందు కూర్చిన పశుకళేబరములను ఎరగా వేయించుట, వేటగాండ్రచేత కూటపంజరములు పన్నించుట, గోతులు త్రవ్వించుట చెప్పబడినది. కూటపంజరమనగా మోసపు పంజరము, మన బోను.

లెక్కలవాడనగుటచే నన్ను ఆకర్షించినది వేరొక మాట. అట్లు విడిచిన పిల్లిని, ముంగిసను పట్టినవానికిని చంపినవానికిని పండ్రెండు పణములు దండుగ. తన కుక్కలను అదుపులో ఉంచనివానికిని అదియే దండుగ. ఎలుకలను చంపుమని చెప్పిన శాస్త్రమే ఎలుకలు కాని వానిని గూర్చి కూడ చింతించినది. విషము చల్లుమన్నచోటనే దాని వలన రాగల అనర్థమునకు కట్టుబాటు పెట్టిన ఆ మేధ గొప్పది.

ఇక కథలలో చూతము. నూకలు చల్లి వల పన్నిన బోయవాడు, ఆ నూకలకాశపడి చిక్కిన పావురములు, వానిని విడిపించిన ఎలుక మనకు చిన్ననాటినుండి తెలిసినవే. చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభమును చదువనివారు పాత తరములో అరుదు. భారతము శాంతిపర్వమునందలి పలితుడను ఎలుక కథ అంతకంటె సూక్ష్మమైనది. తన శత్రువైన పిల్లి ఉరిలో తగులుకొనగా, ఆ యెలుక నిర్భయముగా ఆ ఉరిమీదికే యెక్కి, పిల్లికై పెట్టిన మాంసమును తాను తినుచుండెను. ఎర యొకనికి, ఫలమింకొకనికి! ఎరపెట్టు ప్రతివాడును మొదట నేర్వవలసిన పాఠమిదియే. పెట్టినవాడు తలచినవాడే వచ్చునని నియమము లేదు.

మన ప్రాంతమున వాడిన సాధనములు సామాన్యమైనవి. పలకరాతి నొకవైపున పుల్లతో నిలిపి, పుల్లకు ఎర కట్టెడివారు; ఎలుక లాగగానే రాయి పడును. కృష్ణా గోదావరీ తీరములందు, తంజావూరు సీమలో, వెదురును విల్లుగా వంచి త్రాడు బిగించిన ఎలుక బుట్టలు పొలముల గట్లమీద పెట్టుదురు. యానాదులు మాత్రము ఎరతో పనిలేకయే, కుండలో గడ్డి కూరి నిప్పంటించి, కన్నములోనికి పొగ నూది ఎలుకలను పట్టెడివారు. కన్నము చూచి లోపల నెన్ని యున్నవో ఊహింపగల నేర్పు వారిది.

ఇచట మా యింటి సంగతి చెప్పవలసియున్నది. నా చిన్నతనమున ఒక యేడు కళ్లములో పందికొక్కుల బాధ మిక్కుటమయ్యెను. మా తండ్రిగారు అంగడినుండి మందు తెచ్చి, జొన్నలలో కలిపి, సాయంకాలము కళ్లము చుట్టును చల్లిరి. తెల్లవారునప్పటికి పందికొక్కులు రెండు చచ్చినవి. మా కోళ్లు ఏడు చచ్చినవి. పొరుగువారి కుక్క కూడ చచ్చినది. అది రాత్రులు మా కళ్లమును సైతము కాచినది. ఆ యిల్లాలు మమ్మొక మాట అనలేదు. ఏడాది పాటు మా గడప మాత్రము త్రొక్కలేదు. తిట్టినను బాగుండెడిదని మా తండ్రిగారు పలుమార్లనిరి.

అటుపిమ్మట ఆయన యెన్నడును నేలమీద మందు చల్లలేదు. అంచు విరిగిన పాత కుండ నొకదానిని గోడవెంట ప్రక్కకు పరుండబెట్టి, మూడవవంతు మట్టిలో పాతిరి. ఎలుకజాతి గోడ నంటియే నడచును గదా. లోనికి వాననీరు రాకుండ మూతి కొంచెము పల్లమునకు తిరిగియుండవలెను. పెంకు ముక్క నడ్డముపెట్టి, మట్టితో మెత్తి, పందికొక్కు దూరునంత సందు మాత్రము విడిచిరి. కోడి మెడ చాచినను అందకుండ, ఎర కుండ అడుగున, చిన్న మట్టికట్ట వెనుక నుండెడిది. పైన తుమ్మకంప వేసి రాయి పెట్టిరి. మొదటి మూడు రాత్రులు నూనె కలిపిన ఒట్టి నూకలే. అవి పూర్తిగా తిన్నవని తెలిసిన తరువాతనే నాలుగవనాడు మందు. మరునాటి యుదయమున మిగిలిన యెరను, చచ్చినవానిని ఏరి లోతుగా పూడ్చుట ఆయన స్వయముగా చేసెడి పని. పిల్లలకు చెప్పెడివారు కారు.

ఆయన చేసినది శాస్త్రసమ్మతమని పిదప గ్రంథములు చదివి తెలిసికొంటిని. ఎలుక క్రొత్త ఆహారమును కొంచెము రుచిచూచి ఆగును. బాధ కలిగినచో మరల ముట్టదు. కావుననే జింకు ఫాస్ఫైడును వాడునపుడు ముందు రెండుమూడు దినములు ఒట్టి యెర పెట్టి, తరువాత 96 పాళ్లు నూకలకు 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలుపుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వెదురు గొట్టమో, కొబ్బరిచిప్పయో, కుండయో ఎరపాత్రగా వాడుమనియు వారి సలహా.

దేశాంతరములందును ఇదే తీరు. అమెరికాలో రాకూనను మృగము కలదు. ముఖమున నల్లని పట్టీ, తోకకు కట్లు, మనుష్యుని చేతులవంటి ముందుకాళ్లు దానికుండును. మొక్కజొన్న చేలను, కోళ్లగూళ్లను అది పాడుచేయును. అక్కడివారు మాంసమునకు బదులు తీపి మిఠాయి నెరగా పెట్టుదురు, పిల్లులు రాకుండుటకు. ఇరుకైన గొట్టము అడుగున ఎరనుంచుదురు. చేయి దూర్చి లాగగల రాకూను చిక్కును, మూతితో వెదకు కుక్క చిక్కదు. వారి గొట్టమును మా తండ్రిగారి కుండయు ఒక్క ఆలోచన బిడ్డలే. మంచి యెరపాత్ర గుణము రప్పించుటలో కంటె రానీయకుండుటలో నున్నది.

ఇప్పుడీ చరిత్ర నేల తవ్వవలెనన్న, కారణము కలదు. ఆంగ్లేయుల కాలమున పులిని చంపినవారికి ప్రభుత్వము బహుమానమిచ్చెడిది. మేకనో దున్ననో కట్టి మంచె మీదినుండి కాల్చుట గొప్పగా నుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ కాలమును ముగించినది. ఆ చట్టమున వేట యను మాటకు చంపుటయే కాక, ఉచ్చు పన్నుటయు, ఎర పెట్టుటయు అర్థములే. 1978లో మన ప్రక్క అడవి అభయారణ్యమైనది; 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల సంరక్షణ కేంద్రమైనది. బోను నశింపలేదు గాని చేతులు మారినది. 2023 ఆగస్టులో తిరుమల కాలినడక త్రోవలో చిరుత యొక పసిబిడ్డను చంపినపుడు, అటవీశాఖవారు బోనులు పెట్టి చిరుతలను పట్టిరి. నాడు చంపుటకైన బోను నేడు పట్టి తరలించుటకైనది.

అయినను చేలగట్లమీద అడవిపందికై తీగ యుచ్చులు, కరెంటు తీగలు పన్నుట విన్నప్పుడెల్ల నాకు మా కళ్లము జ్ఞప్తికి వచ్చును. పంది బాధ నిజము. రాత్రంతయు మేల్కొనిన రైతు కడుపుమంట నేనెరుగుదును. కాని ఆ తీగకు కండ్లు లేవు. పందిని, పొరుగువాని యెద్దును, చిరుతను, నీళ్లు కట్టుటకు చీకటిలో పోవు మనిషిని అది యొక్కటిగానే చూచును. మా తండ్రిగారికి ఏడు కోళ్లతో, ఒక కుక్కతో ఆ పాఠము దొరకినది. అందరికి అంత చౌకగా దొరకదు.

మన గ్రంథాలయములోను ఎలుకలు పురాణముల అట్టలు కొరికిన దినములు గలవు. అప్పుడు బీరువాల వెనుక నేను పెట్టినది ఆ కుండయే. అది పగులక యింకను మా చావడిలో నున్నది. చూడగోరువారు రావచ్చును.