పనితనానికి పత్రం

బెంగళూరు పాతపేటలో వీధుల పేర్లే వృత్తుల పేర్లు. కెంపేగౌడ 1537లో వేసిన ఈ ఊళ్లో కుంబారపేట కుమ్మరులది, గాణిగరపేట గానుగవారిది, బళేపేట గాజులవారిది. ఫలానా పేటవాడంటే చాలు, పని వచ్చినవాడనే. చిరునామాయే యోగ్యతాపత్రం. అయితే ఆ యోగ్యత పుట్టుకతో ముడిపడింది; వేరే ఇంట పుట్టినవాడికి ఆ విద్య అందడం కష్టం. ఈ సంగతి మరచి పాతకాలాన్ని పొగడడం న్యాయం కాదు.

1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో టెలిఫోన్ కర్మాగారం, 1953లో హెచ్.ఎం.టి. వచ్చాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర పేట పేరు చెల్లదు. కేంద్రప్రభుత్వం 1950లో చేతిపనివారి శిక్షణ పథకం ప్రారంభించింది. 1956లో జాతీయ వృత్తిశిక్షణ మండలి, 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చాయి. పుట్టుక స్థానంలో పరీక్ష వచ్చింది. ఇది పెద్ద మేలే. కాని ఆ తలుపు దాటడానికి బడిచదువు కావాలి. మేస్త్రీ వెంట తిరిగి తాపీ పట్టిన అనంతపురం కుర్రవాడు బయటే మిగిలాడు. ఈ నగరపు మేడలు కట్టిన చేతుల్లో అలాంటి తెలుగు చేతులెన్నో! దారానికి గుండు కట్టి గోడ వంకర చెప్పగలవాడు కాగితం మీద మాత్రం వట్టి కూలీ.

బ్యాంకు ఉద్యోగిని కనుక కాగితం విలువ నాకు తెలుసు. అప్పు అడిగినవాణ్ణి మేము ఆధారం చూపమంటాం. అతను కట్టిన గోడ వచ్చి సాక్ష్యం చెప్పదు కదా!

ఈ లోటు తీర్చే ప్రయత్నం ఆలస్యంగానైనా మొదలైంది. 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించారు. 2015లో వచ్చిన కౌశల్ వికాస్ యోజనలో, అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి పత్రమిచ్చే ఏర్పాటు చేశారు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన విశ్వకర్మ పథకం మరో అడుగు వేసింది. తాపీపనితో సహా 18 వృత్తులవారికి గుర్తింపు పత్రం, పూచీకత్తు లేకుండా మొదట లక్ష వరకు, తరువాత రెండు లక్షల వరకు, 5 శాతం వడ్డీకి అప్పు. పనితనాన్ని పరపతిగా లెక్కించడం ఇందులోని విశేషం.

అయినా రెండు షరతులున్నాయి. పత్రం చేతికొచ్చాక కూలి పెరగాలి. లేకుంటే అది గోడకు వేలాడే పటమే. రెండోది మనకు సంబంధించింది. పరీక్ష పనివాడి భాషలో జరగాలి. తాపీ, రసమట్టం అన్న మాటలతో పని నేర్చినవాణ్ణి ఇంగ్లీషులో అడిగితే పరీక్షించింది అతని పనిని కాదు, అతని ఇంగ్లీషును. పొరుగు రాష్ట్రంలో మన భాష కోసం మనం అడగవలసినవాటిలో ఇదీ ఒకటి.