కొయినా మాత్ర - గుండె తాళము

సీతంపేట, పార్వతీపురం మన్యములో పెద్దవారికి కొయినా చేదు కొత్తది కాదు. చలిజ్వరానికి ఒకప్పుడు అదే మందు. బ్రిటిషు ఏలుబడిలో తపాలా కచేరీలలోనే ఆ పొట్లాలు అమ్మేవారు. ఈ చేదుమందుకు గుండె వైద్యములోనూ ఒక చరిత్ర కలదు.

1912లో వెంకెబాక్ అనే డచ్చి వైద్యుని వద్దకు ఒక వర్తకుడు వచ్చినాడు. ఆయన నాడి తాళము తప్పి కొట్టుకొంటున్నది. గుండె పైగదులైన కర్ణికలు సరిగా ముడుచుకొనక, నిమిషానికి మూడువందలకు పైగా వణకుటయే ఈ జబ్బు. మన దేశములో బాల్యమున వచ్చిన కీళ్లవాత జ్వరము గుండె కవాటమును ఇరుకుచేసి, ఎడమ కర్ణికను ఉబ్బజేసి, తరచు ఈ స్థితికి తెస్తుంది. కర్ణికలో నిలిచిన రక్తము గడ్డకట్టి మెదడుకు చేరినదా, పక్షవాతమే.

దీనిని కుదర్చలేనని వెంకెబాక్ చెప్పగా, రేపు సరియైన నాడితో వస్తానన్నాడట వర్తకుడు. అన్నట్లే వచ్చినాడు! రాత్రి పుచ్చుకొన్నది ఒక గ్రాము కొయినా. ఆ గుణమును ఆయన తనంతట తానే కనిపెట్టినాడు. వెంకెబాక్ ఇతర రోగులకు ఇచ్చి చూడగా కొద్దిమందికే పనిచేసినది. 1918లో జర్మనీలో ఫ్రే అనే వైద్యుడు సింకోనా బెరడులోని మందులను పోల్చి, క్వినిడిన్ మేలని తేల్చినాడు. రెండింటి అణువులోనూ 20 కర్బన, 24 ఉదజని, 2 నత్రజని, 2 ఆమ్లజని పరమాణువులే; తేడా అంతా అమరికలో ఉన్నది. ఐతే క్వినిడిన్ తీసుకొన్న కొందరు హఠాత్తుగా స్మృతి తప్పి పడిపోయేవారు. కనుక ఇంటిలోని కొయినాతో ఎవరూ ఈ ప్రయోగము చేయరాదు.

1962లో అమెరికాలో లౌన్ విద్యుదాఘాతముతో గుండెను దారికి తెచ్చు పద్ధతిని ప్రకటించినాడు. క్షణములో పని! కాని జబ్బు పాతబడి, కర్ణిక బాగా ఉబ్బినచో ఆఘాతము కూడ ఓడిపోతుంది. అప్పుడు మళ్లీ మందే దిక్కు. 1999లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, 50 మందికి వట్టి ఆఘాతమివ్వగా 14 మందికి ఫలించలేదు. ఐబుటిలైడ్ సూదిమందు ఇచ్చి తిరిగి ప్రయత్నించగా ఆ 14 మందికీ తాళము కుదిరినది. ఐనా, ఈ మందు పుచ్చుకొన్న 64 మందిలో ఇద్దరికి గుండె కిందిగదులలో ప్రమాదకరమైన వేగము పుట్టినది. ఇద్దరూ గుండె బలము బాగా క్షీణించినవారే.

1961లో బెల్జియములో గుండెనొప్పికై తయారైన అమియోడరోన్ కూడ ఇట్టి రోగులకు వాడుతారు. దానిలో మూడవవంతుకు పైగా అయొడినే. కొవ్వులో చేరి నెలల తరబడి నిలుస్తుంది, థైరాయిడ్ గ్రంథినీ ఊపిరితిత్తులనూ చెరచవచ్చు.

ఇంత పాటుపడి తాళమునే సరిచేయవలెనా? 2002లో 4060 మందిపై జరిగిన పరిశీలనలో, నాడి వేగమును మాత్రము తగ్గించి, రక్తము గడ్డకట్టకుండ మందిచ్చినవారు కూడ తాళము సరిచేయ జూచినవారికి తీసిపోకుండ బ్రతికినారు. కీళ్లవాతముతో కవాటము చెడినవారికి మాత్రము వార్ఫరినే మేలని 2022లో తేలినది. ఆ మందు వాడేవారికి తరచు రక్తపరీక్ష చేయవలె. కొండమీది గూడెమునుండి దిగివచ్చే రోగికి అది అన్నిటికన్న కష్టమైన పని.