మిర్చి బండి సీటు

పదైనా కాలేదు, విజయవాడ ఆటోనగర్‌లో ఎండ అప్పుడే చుర్రుమంటోంది. బొలెరో పికప్‌ను కాస్త నీడకు పెడదామంటే సీటు కవర్ల కొట్టు ముందు నీడే లేదు. పక్క షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు, ఎదురుగా వెల్డింగు మెరుపులు. నాన్న బండి దిగుతూ వీపుకు అంటుకుపోయిన చొక్కాను చేత్తో వెనక్కి లాక్కుంటున్నాడు.

రాత్రి గుంటూరు మిర్చి యార్డులో 40 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించి వచ్చాడు. అంతా తేజ రకం. ఆ ఘాటు వెనకాలే ఉండిపోదు. తలుపు తీసినప్పుడల్లా, అద్దం దించినప్పుడల్లా కేబిన్‌లోకి వచ్చి సీటు మీది టవల్ గుడ్డ కవర్లోకి దిగుతుంది. దానికి చెమట తగిలిందంటే వీపంతా మంటే. అమ్మ ఆ కవరును ఇంట్లో బట్టలతో కలపదు. విడిగా బకెట్లో నానేసి కర్రతో తిప్పుతుంది. అయినా రాత్రి అన్నం కలుపుకునే వేళకు వేళ్లు మండుతూనే ఉంటాయి. ఆ వేళ్లు చూశాకే నాన్నను ఇక్కడికి లాక్కొచ్చాను.

"సరుకు మోసేది వెనకాల కదరా. సీటుకెందుకు డబ్బులు?" దారంతా ఇదే మాట.

ఆ టవల్ కవరు కొనిచ్చింది నేనే. పోయినేడు రోడ్డు పక్కన 900కు వచ్చిందని సంబరపడ్డాను. ఒకరోజు గేదె అడ్డమొచ్చి బ్రేకు తొక్కితే కవరు ముందుకు జారింది, దాంతోపాటు నాన్నా జారాడు. కాలు పెడల్ మీద నిలవలేదట. గేదె తప్పుకుంది కాబట్టి సరిపోయింది. ఆ సంగతి నాన్న నాకు చెప్పలేదు, అమ్మతో అన్నాడు.

కొట్టు మాస్టారు ముందు పాత కవరు లాగేస్తున్నాడు. లాగిన చోటల్లా సందుల్లోంచి మిరప గింజలు పసుప్పచ్చగా రాలుతున్నాయి. కంప్రెసర్ పైపు తెచ్చి ఒక్కసారి గాలి కొట్టాడో లేదో ముగ్గురం దగ్గుకుంటూ రోడ్డు మీదికొచ్చాం. కళ్లలో నీళ్లు. మాస్టారు జేబురుమాలు ముక్కుకు కట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లి సీటును తడి గుడ్డతో తుడిచి, తలుపులు రెండూ బార్లా తీసి పెట్టాడు. "తడి ఆరాలి. పచ్చి మీద ఎక్కిస్తే లోపల స్పాంజి ముక్కిపోద్ది."

ఆరేలోపు కవర్లు చూస్తున్నాం. గోడ నిండా వేలాడుతున్నాయి. నాన్న చెయ్యి తిన్నగా మఖమల్ లాంటి మెత్తటి గుడ్డ మీదికి పోతోంది. ముట్టుకుంటే హాయిగానే ఉంది గానీ మిర్చి బండికి అది పనికిరాదు, దుమ్మంతా ఆ నూగులోనే ఉండిపోతుంది. చెక్కపూసల కవరు కూడా ఉంది. గాలి ఆడుతుంది, పైపు పెట్టి కడుక్కోవచ్చు. అదే తీసుకుందామని నేనంటే మాస్టారు అడ్డంగా తలూపుతున్నాడు. "పూసలు గుచ్చిన తాడు ఎప్పుడో ఒకప్పుడు తెగుద్ది తమ్ముడూ. అవి దొర్లి బ్రేకు కింద చేరాయనుకో?" ఇంక ఆ వైపు చూడలేదు.

మిగిలింది రెగ్జిన్. ఎంత దుమ్ము పడినా తడిగుడ్డతో ఒక్క తుడుపు చాలు. నాన్నకు నలుపు మీద ఎర్ర పైపింగు నచ్చింది. పొద్దంతా యార్డు బయట ఎండలో ఆగే బండికి నలుపు వద్దని నేను పట్టుబట్టాను. లేత గోధుమరంగు దగ్గర ఇద్దరం ఆగాం.

మాస్టారు దాన్ని ముందు తిరగేసి చూపిస్తున్నాడు. ఈ పని ఎవరైనా చెయ్యాలి, కవరు మంచిదా కాదా అన్నది పైన మెరుపులో తెలియదు. రెగ్జిన్ వెనక నేత గుడ్డ ఒత్తుగా ఉందా, కుట్టు అంచుకు మరీ దగ్గరగా పడిందా, మూలల్లో రెండు వరసలు వేశారా చూడాలి. రెండు చేతుల్తో కుట్టు దగ్గర పట్టి లాగితే సందు విచ్చుకోకూడదు. వేలాడుతున్న దారప్పోగు ఒకటి తుంచి అగ్గిపుల్లతో వెలిగించాడు. కొస నల్లగా కరిగి చిన్న పూసలా గట్టిపడింది. "నైలాను. నూలైతే బూడిదయ్యేది. నూలు దారం చెమటకు తొందరగా చివికిపోద్ది."

2,200 చెప్పాడు. నాన్న 1,800 అన్నాడు. 2,000కు కుదిరింది, ఎక్కించే కూలీతో సహా.

కవర్లను బానెట్ మీద ఎండలో పరిచాడు. వేడెక్కితే రెగ్జిన్ మెత్తబడి సాగుతుందట. అయినా డ్రైవరు సీటు మీద పరిచి చూస్తే నడుమ వదులుగా ముడతలు పడుతోంది. సైజు తప్పు తెచ్చాడేమో అనుకున్నాను. మాస్టారు అరచెయ్యి పెట్టి సీటు మధ్యలో నొక్కాడు. చెయ్యి లోపలికి దిగిపోయింది. "కవరు సరిగ్గానే ఉంది. స్పాంజి కుంగింది. ఎన్నేళ్లుగా కూర్చుంటున్నావన్నా దీంట్లో?"

నాన్న మాట్లాడలేదు. ఆ గుంట ఆయన ఒంటి ఆకారంలోనే ఉంది, కుడివైపు కొంచెం ఎక్కువ లోతుగా. నడుము నొప్పని రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకునే మనిషి. ఆ గుంటలోకి చూస్తూ నిలబడిపోయాను.

అంగుళం మందం స్పాంజి ముక్కను గుంట మేరకు కత్తిరించి అతికించాడు. ఇంకో 250. కవరును దిండు గలీబులా సగం తిరగేసి వీపు భాగానికి పైనుంచి తొడిగి కిందికి దింపుతున్నాడు. ఒక చేత్తో లాగడం, రెండో చేత్తో మధ్య నుంచి అంచులకు చరుస్తూ రావడం. వీపుకీ కూర్చునే భాగానికీ మధ్య సందులోంచి అంచును వెనక్కి తోశాడు. నేను వెనక నుంచి అందుకుని లాగుతున్నాను. వేళ్లు ఎర్రబడ్డాయి. సీటు కింద కొక్కేలు తగిలించి, ఎలాస్టిక్ పట్టీలు బిగించి, మిగిలిన కొసలు కత్తిరించాడు. కొసలు పట్టాల్లో చిక్కితే సీటు ముందుకూ వెనక్కూ కదలదు. పక్కన చిన్న కోత పెట్టి బెల్టు బకిల్‌ను బయటికి తీశాడు. పాత కవరు కింద అది ఏడాదిగా కూరుకుపోయి ఉంది. బెల్టు లేదని పట్టుకుంటే 1,000 రూపాయలు రాస్తారు. నా భయం ఆ వెయ్యి గురించి కాదు.

"ఎక్కన్నా. కూర్చుని గట్టిగా ముందుకు జారి చూడు."

నాన్న ఎక్కి జరిగాడు. కవరు కదల్లేదు. బ్రేకు మీద కాలు బలంగా నొక్కాడు. మళ్లీ నొక్కాడు. వీపు వెనక్కి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

"మధ్యాహ్నం వేడెక్కుద్దేమో?"

"ఎక్కుద్ది. పైన నూలు తువ్వాలు వేసుకో. ఊరికే వెయ్యొద్దు, నాలుగు మూలలా నాడాలు కుట్టించి కట్టుకో. రెండుంటే ఒకటి ఉతుకులో ఉన్నా ఇంకోటి ఉంటది."

"అవి నేనే ఉతుక్కుంటాలే," అంటున్నాడు నాన్న నా వైపు చూడకుండా.

డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే మాస్టారు కత్తిరింపుల్లోంచి లేత గోధుమరంగు రెగ్జిన్ ముక్క ఒకటి వెతికి, చుట్ట చుట్టి, రబ్బరు వేసి నాన్న చేతికిచ్చాడు. ఎక్కడైనా చిరిగితే అతుక్కి పనికొస్తుందని. నాన్న దాన్ని జాకీ పక్కన జాగ్రత్తగా దోపి, బకెట్లో నానెయ్యాల్సిన పాత టవల్ కవరును మాత్రం ఆటోనగర్ చెత్తకుండీలో పడేసి వచ్చాడు.