మొగిలి ఘాట్‌లో మూసిన పెట్టె

పలమనేరులో చిత్తూరు వైపు రోడ్డు మీద, ట్రాక్టర్ ట్రాలీలు కట్టే వెల్డింగ్ షెడ్డు ముందు నిలబడ్డారు మీరు. పొద్దెక్కినా చలి వదల్లేదు. మిస్త్రీ సుద్దముక్కతో నేలమీదే గీత గీసి, దానికి ఆనించి యాంగిల్ కోస్తున్నాడు. కాగితం లేదు, నమూనా లేదు. పక్క షెడ్డాయన టేపు పట్టుకొచ్చి, టమాటా క్రేట్లకు ఇక్కడ ఎంత వెడల్పు పెట్టారో కొలుచుకుని పోతున్నాడు. ఎవరూ ఏమీ అనరు. ఇక్కడి ట్రాలీలన్నీ ఇట్లాగే ఒకదాన్ని చూసి ఒకటి పుట్టాయి.

"అన్నా, ఇది చూడన్నా" అని ఫోన్ చాపుతారు. ట్యాబీ అనే బండి బొమ్మ. 2013లో ఇటలీకి చెందిన ఓఎస్‌వెహికల్ బృందం దాని చట్రం కొలతలను బయటపెట్టింది. ఎవరైనా దించుకునేలా, మార్చుకునేలా. గంటలోపు బిగించేయొచ్చని వాళ్ల మాట. అది కొంత అమ్మకపు మాటే అనుకోండి. అంతకుముందే, 2007లో, నెదర్లాండ్స్ సాంకేతిక విశ్వవిద్యాలయాలు ఒక పర్యావరణహిత కారు డిజైన్‌ను ఇలాగే అందరి ముందూ పెట్టాయి.

మిస్త్రీ రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూస్తాడు.

"పైపులే కదన్నా. ఇది మేమూ చేస్తాం. మోటారు సంగతేంది?"

జవాబు బయట నిలబడి ఉంది, క్రేట్లు నింపుకున్న కరెంటు ఆటో. డ్రైవరు సీటు ఎత్తి చూపిస్తాడు. కంట్రోలరు ఒక అల్యూమినియం పెట్టె. లోపల నల్లటి జిగురు పోసి గట్టిపరిచారు. విప్పినా ఏమీ కనబడదు.

ఎక్కి కూర్చుంటారు. బండి ఊరు దాటి, మొగిలి ఘాట్ మొదలవుతుంది. వెనకనుంచి లారీ హారను. డ్రైవరు యాక్సిలరేటరు వదిలేస్తాడు. ఇప్పుడు మోటారే జనరేటరై, చక్రాన్ని వెనక్కి పట్టి, ఆ కరెంటును బ్యాటరీకి పంపాలి. పట్టుకుంటుంది గానీ, చాలదు. మలుపు దగ్గర బ్రేకు నొక్కుతాడు. లైనింగు వాసన ముక్కుకు తగులుతుంది.

"టౌన్లో బాగానే పడతాదన్నా. లోడేసుకుని గట్టు దిగేటప్పుడు సాల్దు."

ఎంత పట్టాలో పెట్టెలో ముందే రాసి ఉంది. రాసినవాళ్ల మనసులో చదును రోడ్లే ఉన్నాయేమో. స్వీడన్ ఇంజినీరు బెంజమిన్ వెడ్డర్ తయారుచేసిన వీఈఎస్‌సీ కంట్రోలరులో ఈ హద్దును వాడేవాళ్లే మార్చుకోవచ్చు. సర్క్యూటూ, ప్రోగ్రామూ రెండూ బహిరంగం. మొదట ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుల కోసం చేసిందే అయినా, దారి అదే. అలాగని తోచినంత పెంచితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారతాయి. పాత బండికి మోటారు కిట్టు బిగించాలన్నా ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల పరీక్ష ఉండాల్సిందే, అది న్యాయమే. పరీక్షకు అభ్యంతరం లేదు, జిగురుకే.

కంపెనీ తెరవాలనుకుంటే ఏదైనా తెరుచుకుంటుంది. బెంగళూరు ఏథర్ కంపెనీ 2021లో తన చార్జింగ్ కనెక్టరును ఇతర కంపెనీలకూ ఇస్తానంది. 2023లో దానికి బీఐఎస్ ప్రమాణం దక్కింది.

బంగారుపాళెంలో టీకి ఆగారు. ట్యాబీ బొమ్మ తర్వాత వీఈఎస్‌సీ సర్క్యూటు బొమ్మ చూపిస్తే, డ్రైవరు మీ ఫోన్ అడుగుతాడు.

"ఆ రెండో బొమ్మ పంపన్నా, సర్క్యూటుది. చిత్తూర్లో కంట్రోలర్లు రిపేరు చేసే పిల్లోడొకడున్నాడు."